పాత ఆర్‌ఎస్ పోషణ ఎంత, కొత్త ఆర్‌ఎస్ పోషణ ఎంత?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా స్కోడా వాళ్ల జోరు మోడళ్లు, ఆర్‌ఎస్ కార్ల గురించే. ముందు వరస చెప్పేస్తే తికమక ఉండదు. మన దేశంలో మొదటిది 2000ల తొలి ఏళ్లలో వచ్చిన 1.8 టర్బో ఆక్టావియా ఆర్‌ఎస్, 150 హార్స్‌పవర్. 2011లో 160 హార్స్‌పవర్ 1.8 టీఎస్‌ఐ ఇంజన్‌తో లారా ఆర్‌ఎస్ వచ్చింది. 2017లో ఆక్టావియా ఆర్‌ఎస్ 230, అప్పటి షోరూమ్ ధర 24.62 లక్షలు, తొలి విడత 500 కార్లు. 2020లో ఆర్‌ఎస్ 245, ధర 35.99 లక్షలు, 200 కార్లు. 2025 అక్టోబరులో 265 హార్స్‌పవర్ కొత్త ఆర్‌ఎస్, ధర 49.99 లక్షలు, వచ్చినవి 100 కార్లే.

ప్రశ్న: ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగుతాను, అందులో ముప్పాతిక భాగం సిటీలోనే. మూడు కార్లు చూశాను. 2012 లారా ఆర్‌ఎస్, 88 వేల కిలోమీటర్లు తిరిగింది, అయిదున్నర లక్షలు అడుగుతున్నారు. 2018 ఆర్‌ఎస్ 230, 62 వేలు తిరిగింది, 19 లక్షలు. లేదా కొత్త ఆర్‌ఎస్ ఎవరైనా అమ్మితే 50 లక్షలకు. కొన్న ధర పక్కన పెడితే ఏటా ఏది చవక?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

కొన్న ధరను పక్కన పెట్టడం కుదరదండీ. ఏడాదికి ఎంత విలువ కరిగిపోతుందన్నదీ పోషణ ఖర్చే. మెకానిక్ బిల్లు ఇవ్వడు కాబట్టి అది మన లెక్కలోకి రాదు, అంతే తేడా.

పెట్రోలు మొదట తీసేద్దాం, ఎందుకంటే అక్కడ తేలేదేమీ లేదు. మీ వాడకానికి ఈ మూడూ లీటరుకు ఎనిమిది, తొమ్మిది ఇస్తాయి. లీటరు 107 రూపాయలు అనుకుంటే తొమ్మిది ఇచ్చే కారుకు ఏడాదికి 1,111 లీటర్లు, సుమారు 1,19,000 రూపాయలు. ఎనిమిది ఇచ్చే కారుకు 1,33,750. తేడా పదిహేను వేలు, అంటే ఒక మంచి టైరు ధర. 95 ఆక్టేన్ పెట్రోలే పోయించండి. లీటరుకు ఎనిమిది రూపాయలు ఎక్కువ పడినా ఏడాదికి పదివేలు దాటదు. మైలేజీ చూసి ఈ కార్ల మధ్య ఎంచుకోవద్దు.

ఇన్సూరెన్స్‌లో మాత్రం పాతకూ కొత్తకూ ఆమడ దూరం ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం 1500 సీసీ దాటిన ప్రతి సొంత కారుకూ ఒకటే, ఏడాదికి 7,897 రూపాయలు. కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి 24,596 కట్టాలి. తేడా అంతా సొంత డ్యామేజీ భాగంలో వస్తుంది. ఇప్పుడు కంపెనీలు తమ ఇష్టప్రకారం డిస్కౌంట్లు ఇస్తున్నా, అంచనాకు పాత టారిఫ్ శాతాలు పనికొస్తాయి: హైదరాబాద్ రిజిస్ట్రేషన్, 1500 సీసీ పైబడిన కారు, అయిదేళ్లలోపు అయితే ఐడీవీ (పాలసీలో రాసే కారు విలువ) మీద 3.44 శాతం, అయిదు నుంచి పదేళ్ల వరకు 3.612, పదేళ్లు దాటితే 3.698. కొత్త కారు ఐడీవీ అయిదు శాతం పోను 47.5 లక్షలు, దాని మీద 1,63,400. ఆర్‌ఎస్ 230కి 15 లక్షల ఐడీవీ ఒప్పుకుంటే 54,180. లారాకు నాలుగు లక్షల మీద 14,792. డిస్కౌంటు తీసేసి, జీఎస్టీ 18 శాతం కలుపుకోండి.

మరి పాత కారు ఇన్సూరెన్స్ చవకే కదా అంటే, క్లెయిమ్ రోజున అసలు సంగతి తెలుస్తుంది. జీరో డెప్రిసియేషన్ (పాతబడినందుకు కోత వేయని కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు, కారు వయసు ఎంతైనా సరే. ఇనుప భాగాలకు అయిదు నుంచి పదేళ్ల కారైతే 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం కోత. పైగా 1500 సీసీ దాటిన కారుకు తప్పనిసరి కోత 2,000. ముందు బంపరు, హెడ్‌లైటు పోయి ప్లాస్టిక్ సామాను బిల్లే లక్షా ఇరవై వేలు అయితే 62 వేలు మీ జేబులోంచి. అయిదేళ్లు దాటిన కార్లకు జీరో డెప్రిసియేషన్ అన్ని కంపెనీలూ ఇవ్వవు. ఆర్‌ఎస్ 230కి ఎవరు ఇస్తారో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి.

ఇంకో మాట. అమ్మేవాడి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉందని బ్రోకరు చెప్పినా అది మీకు రాదు. బోనస్ మనిషిది, కారుది కాదు. మీరు ఇప్పటి కారు అమ్మేస్తుంటే మీ కంపెనీ దగ్గర బోనస్ సర్టిఫికెట్ తీసుకోండి, మూడేళ్ల వరకు కొత్తగా కొన్న కారుకు వాడుకోవచ్చు. కారు చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదకు మార్పించుకోండి.

ఇక రిపేర్లు. మా సలహా ప్రకారం లారాకు ఏటా 80 వేలు, ఆర్‌ఎస్ 230కి 55 వేలు విడిగా తీసిపెట్టాలి. వారంటీలో ఉన్న కొత్తదానికి సర్వీసు, బ్రేక్ ప్యాడ్ల కింద ముప్పై వేలు సరిపోతుంది. విలువ తరుగు చూస్తే లారా ఏడాదికి అరవై వేలకు మించి పడదు, పడటానికి అక్కడ మిగిలింది తక్కువ. ఆర్‌ఎస్ 230 లక్ష నుంచి లక్షన్నర. కొత్తదానికి ఐడీవీ పట్టికే ఆధారంగా తీసుకుంటే మూడో ఏడు 30 శాతం కోత, అంటే 15 లక్షలు, ఏడాదికి అయిదు. వందే వచ్చాయి కాబట్టి అంత పడకపోవచ్చు. 24.62 లక్షల ఆర్‌ఎస్ 230కి ఇన్నేళ్ల తర్వాత మిమ్మల్ని 19 అడుగుతున్నారంటే ఆ ఆశకు ఆధారం ఉంది. కానీ అమ్మేదాకా అది ఆశే.

అన్నీ కలిపితే లారా ఏడాదికి సుమారు 2.85 లక్షలు, కిలోమీటరుకు 28 రూపాయలు. ఆర్‌ఎస్ 230 మూడున్నర నుంచి నాలుగు లక్షల మధ్య. కొత్తది ఎనిమిది దాటుతుంది, లోను వడ్డీ కాకుండానే.

అయినా మా ఓటు ఆర్‌ఎస్ 230కే. లారా ఎనభై వేలు ఏటా ఎనభై వేలుగా రావు. ఒక ఏడాది ఆయిల్ సర్వీసుతో పోతుంది, మరుసటి ఏడాది ఒకేసారి రెండు లక్షలు అడుగుతుంది. పార్టు వచ్చేదాకా కారు షెడ్డులో ఉంటుంది. ఇంట్లో రెండో కారు ఉంటే లారా గురించి ఆలోచించండి, అదే ఏకైక కారైతే వద్దు.

ప్రశ్న: నా లారా ఆర్‌ఎస్ 1,000 కిలోమీటర్లకు 700 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ తాగుతోంది. పొగ కనపడదు. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. టర్బో మార్చాలని ఒకరు, ఇంజన్ దించాలని ఒకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు ఆ గలగల చూడండి, ఆయిల్ తాగడం నెలరోజులు ఆగినా ఫర్వాలేదు.

ఆ శబ్దం టైమింగ్ చైన్‌ది. లారాలో ఉన్నది ఈఏ888 ఇంజన్ రెండో తరం. దాని చైన్ టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో బిగుతుగా నిలుస్తుంది. ఇంజన్ ఆగాక ప్రెషర్ పోయినా వెనక్కి జారకుండా ఒక చిన్న కొక్కెం దాన్ని పట్టుకోవాలి. పాత డిజైన్ టెన్షనర్లో ఆ కొక్కెమే వదిలేస్తుంది. చైన్ వదులై పన్ను దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, అప్పుడు నిజంగానే ఇంజన్ దించాలి. కొత్త డిజైన్ టెన్షనర్ చాలాకాలం కిందటే వచ్చింది. మీ బండికి అది పడిందో లేదో టైమింగ్ కవరు దగ్గరున్న చిన్న రబ్బరు మూత తీసి అద్దంతో చూస్తే తెలుస్తుంది. వీసీడీఎస్ స్కానర్ ఉన్న షెడ్డులో 93వ మెజరింగ్ బ్లాకు కూడా చూడమనండి. క్యామ్‌షాఫ్ట్ ఫేజ్ పొజిషన్ సున్నాకు దగ్గరగా ఉండాలి, నాలుగైదు డిగ్రీలు దాటిందంటే చైన్ సాగినట్టే. అప్పుడు టెన్షనర్ ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకోవాలని చూడకండి. చైన్, గైడ్లు, టెన్షనర్, ముందు క్రాంక్ సీలు ఒకేసారి మార్పించండి. కూలీ ఎలాగూ ఒకటే.

అప్పటివరకు ఒక జాగ్రత్త. వాలులో బండిని గేరులో వేసి ఆపకండి. బండి కాస్త వెనక్కి జారితే ఇంజన్ వెనక్కి తిరుగుతుంది, పట్టులేని టెన్షనర్ ఉంటే చైన్ పన్ను దాటేది అలాంటప్పుడే. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, చక్రానికి రాయి పెట్టండి.

ఇప్పుడు ఆయిల్. కంపెనీ ఒప్పుకునే హద్దు 1,000 కిలోమీటర్లకు అర లీటరు, మీది దాటింది. టర్బో జోలికి పోయేముందు పీసీవీ చూడండి, వాల్వ్ కవరు మీదుండే నల్లటి ప్లాస్టిక్ ఆయిల్ సెపరేటర్ అది. ఇంజన్ ఐడిల్లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. మూత ఊడిరాకుండా లోపలికి గట్టిగా పీలుస్తున్నా, ఎక్కడో సన్నగా ఈల వినపడుతున్నా లోపలి పొర చిరిగినట్టు. అది మార్చడం గంట పని. అదే పొర చిరగడం వల్ల వెనక క్రాంక్ సీలు కూడా కారుతుంది. సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి కాబట్టి ముందే పీసీవీ తేల్చుకోవడం మంచిది.

పీసీవీ కొత్తదేసి, ఆయిల్ మార్చి, డిప్‌స్టిక్ గుర్తు దాకా నింపి, మూత మీద మార్కరుతో గీత పెట్టి వెయ్యి కిలోమీటర్లు నడపండి. ఇంకా అర లీటరు దాటి తాగితే తప్పు రింగులది. ఈ తరం పిస్టన్లకు సన్నటి ఆయిల్ రింగు, చిన్న చిన్న రంధ్రాలు. ఆయిల్ ఆలస్యంగా మారిస్తే అవి మసితో మూసుకుపోయి, సిలిండర్ గోడ మీది ఆయిల్ వెనక్కి దిగదు. దానికి మందు పిస్టన్లు, రింగులు మార్చడమే. ఆ పనికి చెప్పే మొత్తం మీ కారు ధరలో సగం దాకా వస్తే, నెలకో లీటరు ఆయిల్ పోసుకుంటూ నడపడమే తెలివైన పని. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ ఇంజన్లో పట్టేదే 4.6 లీటర్లు. 700 మిల్లీ చొప్పున రెండువేల కిలోమీటర్లు చూడకపోతే లీటరున్నర పోయినట్టే. డ్యాష్‌బోర్డు లైటు వెలిగేదాకా ఆగొద్దు.

మైలేజీ కూడా పడిపోయి, ఐడిల్లో వణుకుతుంటే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుని ఉంటుంది. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పోయే ఇంజన్ కాబట్టి ఆ వాల్వులను కడిగే పెట్రోలు ఉండదు. ట్యాంకులో పోసే క్లీనర్లు అక్కడికి చేరవు, ఆ డబ్బు దండగ. మానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ పొట్టు పొడితో కొట్టించడమే దారి. 70, 80 వేల కిలోమీటర్లకోసారి చేయిస్తే చాలు.

ప్రశ్న: ఆర్‌ఎస్ 230, 64 వేల కిలోమీటర్లు. కూలెంట్ నెలకు పావు లీటరు తగ్గుతోంది, కింద చుక్క కనపడదు. షోరూములో వాటర్ పంపు, థర్మోస్టాట్ మొత్తం మార్చాలన్నారు. దానితోపాటు డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఆయిల్ కూడా అంటున్నారు. రెండూ అవసరమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

రెండూ అవసరమే. మిమ్మల్ని మోసం చేయడం లేదు.

ఈ ఇంజన్లో వాటర్ పంపు, థర్మోస్టాట్ ఒకే ప్లాస్టిక్ హౌసింగులో ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి ప్లాస్టిక్ వంగి అతుకు దగ్గర కూలెంట్ ఊరుతుంది. అది ఇంజన్ మీదే ఆవిరైపోతుంది, కొద్దిగా గేర్‌బాక్సు మీదికి దిగుతుంది, అందుకే నేలమీద చుక్క కనపడదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద టార్చి వేసి చూస్తే గులాబీ రంగు ఎండిన మరకలు ఉంటాయి, తీపి వాసన వస్తుంది. పంపు ఒకటే, లేదా థర్మోస్టాట్ ఒకటే మార్చితే ఏడాదిలో రెండోది కారి అదే కూలీ మళ్లీ కడతారు. పూర్తి సెట్టు, దాన్ని తిప్పే చిన్న పళ్ల బెల్టు, కూలెంట్ కలిపి అంచనా రాయించుకోండి. బయటి మెకానిక్ చేత చేయిస్తే రెండు విషయాలు అడగండి. ఆ బెల్టు పుల్లీ బోల్టుకు ఎడమ మర ఉంటుంది, తెలియనివాడు బలంగా తిప్పి విరగ్గొడతాడు. కూలెంట్ వ్యాక్యూమ్ పెట్టి నింపాలి, లేదంటే గాలి చిక్కుకుని హీటు పెరుగుతుంది. కూలెంట్ జీ13 గానీ జీ12 ఈవో గానీ డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. కుళాయి నీళ్లు వద్దే వద్దు.

డీఎస్‌జీ సంగతి. మీది డీక్యూ 250, ఆరు గేర్లు, తడి క్లచ్. క్లచ్ అరుగుడు పొడి అంతా అదే ఆయిల్లో తిరుగుతుంది, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ వాల్వులూ ఆ ఆయిల్ మీదే పని చేస్తాయి. అందుకే 60 వేల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. దించి పోసేటప్పుడు పట్టేది సుమారు 5.2 లీటర్లు. ఇంజన్ నడుస్తుండగా, గేర్‌బాక్సు ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ చూడాలి. విజయవాడ ఎండాకాలంలో కారు రాగానే బోల్టు విప్పితే ఆ వేడి ఎప్పుడో దాటి ఉంటుంది. రాత్రి షెడ్డులోనే వదిలి తెల్లవారి చేయించండి.

ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు ఒకటి గమనించండి. ఈ తరంలో సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ప్లాస్టిక్‌ది, దాని డ్రెయిన్ ప్లగ్గూ ప్లాస్టిక్‌దే. ప్రతిసారీ కొత్తది వేయాలి. బిల్లులో ప్లగ్గు లేకపోతే పాతదే బిగించారన్నమాట. ఆయిల్ 5.7 లీటర్లు పడుతుంది. అయిదు లీటర్ల డబ్బా ఒక్కటే కొనిస్తే తక్కువ పడుతుంది, ఇంకో లీటరు విడిగా తీసుకోండి.

ప్రశ్న: కొత్త ఆర్‌ఎస్‌కు 19 అంగుళాల చక్రాలు. మా ఊరి రోడ్లకు రిమ్ములు నిలుస్తాయా? పాత ఆర్‌ఎస్ 245కు ఉన్న 18 అంగుళాలే మేలు కదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

245కు ఇచ్చిన సైజు 225/40 ఆర్18. కొత్తదానికి 225/40 ఆర్19. టైరు గోడ ఎత్తు అంటే వెడల్పులో 40 శాతం, రెండింటికీ 90 మిల్లీమీటర్లే. గుంటలో పడితే రిమ్ముకు దొరికే రక్షణ సమానం. 19 అనగానే భయపడనక్కర్లేదు. తేడా ధరలోనూ, దొరకడంలోనూ ఉంది. 225/40 ఆర్18 ఏ పెద్ద టైర్ల షాపులో అయినా దొరుకుతుంది, 19కి ముందే చెప్పి తెప్పించుకోవాలి. ఒక టైరు కోసినా జత మార్చాల్సి వస్తుంది కాబట్టి ఆ వారం రోజులు కారు ఇంట్లోనే ఉంటుంది.

నిజంగా గుంటల బాధ తప్పాలంటే 18 ఉన్న కారుకు 225/45 ఆర్17 వేసుకోవచ్చు. గోడ 101 మిల్లీమీటర్లు అవుతుంది, మొత్తం చక్రం వ్యాసంలో తేడా అర శాతం లోపే, స్పీడోమీటరు తప్పు చూపించదు. ఆ 17 రిమ్ము ముందు బ్రేక్ క్యాలిపర్‌కు తగలకుండా తిరుగుతుందా అని వేసి చూసి కొనండి. లోపలి ఆకారం బట్టి కొన్ని తగులుతాయి.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. ఏడాదికి 12 వేల మైళ్లు. బీఎండబ్ల్యూ ఎం3లో మూడు తరాలు చూస్తున్నాం: 2009 ఈ92 వీ8, 2016 ఎఫ్80, కొత్త జీ80 – మూడిట్లో ఏది తక్కువ ఖర్చు? మావారికి వీ8 శబ్దం మీద మోజు.
– ఒక పాఠకురాలు, టెక్సస్

మీవారికి చెప్పండి, ఆ శబ్దానికి వేరే బిల్లు వస్తుంది.

పెట్రోలులో పెద్ద తేడా లేదు. ప్రభుత్వ రేటింగు ప్రకారం వీ8 గ్యాలనుకు 16 మైళ్లు, మాన్యువల్ ఎఫ్80 కారు 20, జీ80 కారు 19. మీ 12 వేల మైళ్లకు 750, 600, 632 గ్యాలన్లు. ప్రీమియం పెట్రోలు మూడున్నర డాలర్లు అనుకుంటే ఏడాదికి వీ8 అదనంగా తాగేది సుమారు 400 నుంచి 525 డాలర్లు.

వీ8 అసలు ఖర్చు రాడ్ బేరింగులు. దాని ఎస్65 ఇంజన్లో క్రాంక్‌కూ బేరింగుకూ మధ్య సందు చాలా తక్కువ, పోసేదేమో చిక్కటి 10డబ్ల్యూ-60 ఆయిల్. చల్లటి ఇంజన్ను గట్టిగా తొక్కితే పొర నిలవక బేరింగు అరుగుతుంది. ముందు జాగ్రత్తగా మార్పిస్తే బయటి షాపుల్లో సుమారు 2,500 నుంచి 3,500 డాలర్లు. మార్చకుండా అది తిరిగిపోతే ఇంజనే పోతుంది. కొనబోయే కారుకు బేరింగులు మార్చిన బిల్లు, తీసిన పాత బేరింగుల ఫొటోలు ఉన్నాయా అడగండి. లేకపోతే ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. రెండోది త్రాటిల్ యాక్చువేటర్లు, రెండుంటాయి, లోపలి ప్లాస్టిక్ గేర్లు అరిగి కారు లింప్ మోడ్‌లోకి, అంటే పవర్ తగ్గించుకుని మెల్లగా నడిచే స్థితికి పోతుంది. ఒకటి పోతే రెండూ మార్చండి. ఆయిల్ 8.8 లీటర్లు పడుతుంది కాబట్టి ఆయిల్ సర్వీసు కూడా మిగతా రెండిటికన్నా ఎక్కువే. టాకోమీటరు చుట్టూ ఉన్న లైట్లు ఇంజన్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరతాయి. అవి ఆరేదాకా మీవారిని ఓపిక పట్టమనండి.

ఎఫ్80లో అందరూ భయపెట్టేది క్రాంక్ హబ్. చైన్ తిప్పే పళ్ల చక్రం ఒకే నడి బోల్టు బిగింపు మీద, రాపిడితోనే నిలుస్తుంది, తాళం లేదు. ట్యూనింగు చేసి బూస్టు పెంచిన కార్లలో అది జారి టైమింగ్ తప్పుతుంది. కంపెనీ సెట్టింగులోనే ఉన్న కారుకు ఆ భయం తక్కువ. కాబట్టి హబ్ మార్పించడానికి మూడు, నాలుగు వేల డాలర్లు దాచేబదులు, ఎప్పుడూ ట్యూన్ చేయని కారు వెతకడం మంచిది.

జీ80కి కొత్తప్పుడు నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్ల వారంటీ, మూడేళ్లు లేదా 36 వేల మైళ్లు సర్వీసు ఉచితం. 1,200 మైళ్లకు చేసే రన్నింగ్-ఇన్ సర్వీసు మరవొద్దు. కానీ టైర్లు చూడండి: కాంపిటిషన్ మోడల్‌కు ముందు 275/35 ఆర్19, వెనక 285/30 ఆర్20. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి మార్చి మార్చి తిప్పలేరు, వెనకవి తొందరగా అరుగుతాయి. ఈ92 18 అంగుళాల సెట్టు 245, 265 వెడల్పే, ఆ ఒక్క లెక్కలో పాతదే నయం.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ లేదు గానీ, కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. 2009 కారు ఇంకా ఆ పరిధిలోనే. చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఉంటే ఫెయిలే. క్యాటలిటిక్ కన్వర్టర్లు తీసేసి శబ్దం పెంచిన వీ8లు మార్కెట్లో బాగా ఉన్నాయి, అవి ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ఏటా తక్కువ ఖర్చయ్యేది ట్యూన్ చేయని ఎఫ్80.

ప్రశ్న: నా దగ్గర తొలితరం 1.8 టర్బో ఆర్‌ఎస్ ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పోయొచ్చా? రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఎంతవుతుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఇథనాల్‌లో పెట్రోలుకన్నా శక్తి మూడో వంతు తక్కువ. పది శాతం ఇథనాల్ నుంచి ఇరవైకి మారితే మైలేజీ మూడు, నాలుగు శాతం పడుతుంది. ఏడాదికి వెయ్యి లీటర్లు పోసే బండికి 35 లీటర్ల లెక్క, దాని గురించి బెంగ వద్దు. బెంగ పడాల్సింది గొట్టాల గురించి. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, ఓ-రింగులు ఇథనాల్‌కు ఉబ్బి, ఎండి పగులుతాయి. ట్యాంకు నుంచి ఇంజెక్టరు రెయిలు దాకా రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్పించండి, ఇంజెక్టర్ల ఓ-రింగులు కూడా. ఇంజన్ వేడిలో పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి తీయకండి, పక్కనే ఎర్రగా కాలే టర్బో ఉంది. నెల రోజులు నిలిపేట్టయితే ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ జాగాలో తేమ చేరితే ఇథనాల్ దాన్ని పీల్చుకుని అడుగుకు దిగుతుంది.

పదిహేనేళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 5,000. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటితే 10,000. ఫారం 25, ఫిట్‌నెస్ తనిఖీ, దాని పైన గ్రీన్ ట్యాక్స్. అయిదేళ్లకోసారి. మీ బండికి టైమింగ్ బెల్టు ఉంటుంది, చైన్ కాదు. ఆఖరుసారి ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఫిట్‌నెస్‌కు పోయేముందే అది, వాటర్ పంపు మార్పించేయండి. పాత పంపుల్లో ప్లాస్టిక్ రెక్కలు షాఫ్టు మీద వదులైపోతాయి, లోహపు రెక్కలది అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఆర్‌ఎస్ 230కి స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచే ఇంజన్ సాఫ్ట్‌వేరు మార్పు) చేయిస్తే 265 కొత్త ఆర్‌ఎస్‌ను దాటేస్తుందట. అంతకన్నా చవక ఉందా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

పవర్ దాటుతుంది, నిజమే. ఖర్చు వచ్చేది గేర్‌బాక్సులో. డీక్యూ 250కి కంపెనీ పెట్టిన టార్క్ హద్దు 350 న్యూటన్ మీటర్లు, మీ కారు రోడ్డెక్కిన రోజు నుంచే ఆ 350 ఇస్తోంది. అంటే వదులు ఏమీ మిగల్లేదు. 245కూ, కొత్తదానికీ ఏడు గేర్ల డీక్యూ 381 పెట్టింది 370 న్యూటన్ మీటర్లు మోయడానికే. దాని హద్దు ఇంకా పైన ఉంది కాబట్టి అక్కడ కాస్త జాగా ఉంది. 230లో ఇంజన్ ఒక్కటే మ్యాప్ చేసి గేర్‌బాక్సు సాఫ్ట్‌వేరు వదిలేస్తే మూడో, నాలుగో గేర్లో ఒక్కసారిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగురుతుంది, స్పీడు పెరగదు. అది క్లచ్ జారుడు. క్లచ్ ప్యాకు ధర రీమ్యాప్ ధరను మించుతుంది.

చేయించేదే అయితే మూడు పనులు ముందు చేయండి. డీఎస్‌జీ ఆయిల్ కొత్తది, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి, కూలెంట్ ఊరడం లేదని తేల్చుకోవడం. ఆ తర్వాత డీఎస్‌జీ ఆయిల్ 60 వేలకు కాకుండా 40 వేలకే మార్చండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పి ఎండార్స్‌మెంట్ తీసుకోండి. చెప్పకుండా నడిపిన కారుకు పెద్ద క్లెయిమ్ వస్తే సర్వేయరు ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) చదివించడం ఇప్పుడు మామూలైంది.